మంచుకొండల్లో ఆటకు వెళ్తున్నారా?

వెనకటి రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి హిమాలయాలకు వెళ్ళేవాళ్ళు రెండే రకాలు. బదరీ, కేదారం చూసి రావాలని సంకల్పించుకున్న పెద్దవాళ్ళు ఒక రకం. పటాలంలో చేరి కాశ్మీరంలోనో లడఖ్‌లోనో కాపలా కాసే కుర్రాళ్ళు రెండో రకం. ఈమధ్య మూడో రకం కూడా బయలుదేరింది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో వుద్యోగాలు చేసుకుంటూ, నలుగురైదుగురు స్నేహితులు కలిసి, సంక్రాంతి సెలవులకు ముందో వెనకో నాలుగు రోజులు కలుపుకుని, మంచుమీద జారే ఆట కోసం గుల్మార్గ్‌కో, ఔలీకో, మనాలీ దగ్గర సోలాంగ్ లోయకో వెళ్తున్నారు. రెండు పాదాలకూ రెండు పొడుగాటి పట్టీలు కట్టుకుని జారితే అది స్కీయింగ్. రెండు పాదాలనూ ఒకే పలకకు అడ్డంగా బిగించుకుని జారితే అది స్నోబోర్డింగ్. కుర్రకారు మనసు ఇప్పుడు ఈ రెండోదానిమీదే వుంది. కొందరు అమ్మనీ నాన్నగారినీ కూడా వెంటబెట్టుకు వెళ్తున్నారు.

వెళ్ళండి. వద్దనడానికి కాదు ఈ వ్యాసం. టిక్కెట్లు, హోటలు, కోటు, బూట్లు, ఫోటోలు అన్నీ రెండు నెలల ముందు నుంచే చూసుకుంటారు గదా! ఆ మంచులో జారవలసిన ఒంటిని గురించి ఎవరైనా ఆలోచిస్తున్నారా అన్నదే ప్రశ్న. మన ప్రాంతంవాళ్ళకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకో ముందుముందు చెబుతాను.

గాలి పలచబడితే ఏమవుతుంది?

శ్రీకాకుళం పట్టణం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున వుంది. విజయనగరం 70 మీటర్ల పైచిలుకు. మనవాళ్ళు "కొండమీదికి వెళ్ళొచ్చాం" అని గొప్పగా చెప్పుకునే అరకు 900 మీటర్లు. గుల్మార్గ్ 2,650 మీటర్లు! అక్కడి తీగబండి, అదే రోప్‌వే, రెండు దశల్లో అఫర్వత్ శిఖరం పక్కకు, అంటే సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. మనాలీ వెళ్ళినవాళ్ళు రోహ్‌తంగ్ కనుమ చూడాలంటే 3,978 మీటర్లు ఎక్కాలి. కేదారనాథ్ 3,583 మీటర్లు.

గాలిలో ప్రాణవాయువు అయిదో వంతు. కళింగపట్నం ఒడ్డున నిలబడ్డా అంతే, అఫర్వత్ మీద నిలబడ్డా అంతే. మారేది గాలి ఒత్తిడి. సముద్రపు ఒడ్డున వున్న ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువే గుల్మార్గ్‌లో వుంటుంది. తీగబండి పై మెట్టుకు చేరేసరికి అయిదింట మూడు వంతులకు దిగుతుంది. అంటే, ఒక్కో గుక్కలో మీ వూపిరితిత్తులకు అందే ప్రాణవాయువు అంతమేరకు తగ్గిపోతుందన్నమాట. ఒళ్ళు దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది, రక్తంలో మార్పులు తెచ్చుకుంటుంది. కాని దానికి రోజులు పడుతుంది. పొద్దున విశాఖలో విమానం ఎక్కి, మధ్యాహ్నం శ్రీనగర్‌లో దిగి, కారులో 50 కిలోమీటర్లు పోయి, రాత్రికి గుల్మార్గ్‌లో పడుకుంటే పాపం ఒంటికి వ్యవధి ఏది?

వ్యవధి ఇవ్వకపోతే వచ్చేదాన్ని ఎత్తు జబ్బు అనుకుందాం. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం, నీరసం, కళ్ళు తిరగడం, రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోవడం. "ప్రయాణపు బడలిక" అనుకుని పొరబడేది ఇక్కడే. ఆ ఎత్తున తలనొప్పి వస్తే, మరో కారణం రుజువయ్యేదాకా దాన్ని ఎత్తు జబ్బుగానే లెక్కవేయడం క్షేమం. అక్కడే ఆగి, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంకా పైకి ఎక్కడం మాత్రం పనికిరాదు.

ఇది ముదిరితే రెండు రకాలుగా ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. అనుమానం వస్తే నేలమీద గీతలాగి, మడమకు బొటనవేలు ఆనించి ఆ గీతమీద నడవమనండి. నడవలేకపోతే ఆ క్షణమే కిందికి దించాలి. రెండోది వూపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది తరచు రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో వస్తుంది. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు, ముదిరితే గులాబిరంగు నురగ. దీనికీ అదే మందు, కిందికి దించడం. ప్రాణవాయువు సిలిండరు వుంటే పెట్టండి, కాని సిలిండరు పెట్టాం గదా అని దించడం ఆపకండి. పెద్ద ఆస్పత్రులు శ్రీనగర్‌లో వున్నాయి.

ఈ జబ్బును ప్రపంచానికి వివరంగా తెలియజెప్పినవారిలో మన భారత సైన్యపు వైద్యులు ముఖ్యులని మీలో ఎందరికి తెలుసు? 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి సైనికులను హఠాత్తుగా హిమాలయాల మీదికి తరలించవలసి వచ్చింది. ఇందర్ సింగ్, ఆయన సహచరులు అలా జబ్బుపడ్డ 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మూలస్తంభం. వాళ్ళంతా వయసులో వున్న, కండలు తిరిగిన కుర్రాళ్ళే. కాబట్టి "నాకేం, నేను రోజూ జిమ్‌కు వెళ్తాను" అన్న మాట ఇక్కడ చెల్లదు. దేహదారుఢ్యానికీ ఎత్తు జబ్బుకూ సంబంధం లేదు. పైగా ఒంట్లో సత్తువ వున్నవాడే తొందరగా ఎక్కి తొందరగా జబ్బుపడతాడు. అందుకే సైన్యంలో 2,700 మీటర్లు దాటే చోటికి పంపే జవానును మొదటి మజిలీలో ఆరు రోజులు ఆపుతారు. మీ వూళ్ళో పటాలంలో పనిచేసి వచ్చిన మామయ్యనో బాబాయినో అడిగి చూడండి. ఆ ఆరు రోజుల సంగతి ఆయనే చెబుతారు.

మీకు ఆరు రోజుల సెలవు వుండదు, నిజమే. కనీసం ఇంత చెయ్యండి. మొదటి రాత్రి శ్రీనగర్‌లోనే పడుకోండి. అది 1,585 మీటర్లు. రెండో రోజు గుల్మార్గ్ చేరి, ఆ పూటంతా ఊరికే తిరగండి. మూడో రోజు కింది వాలుల్లో ఆట నేర్చుకోండి. తీగబండి రెండో దశ నాలుగో రోజు మాట. ఢిల్లీ దాకా రైల్లో పోయేవాళ్ళు, అంటే విజయనగరంలోనో బొబ్బిలిలోనో పార్వతీపురంలోనో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు, "రెండు రోజులు ప్రయాణం చేశాం గదా, అలవాటు పడ్డట్టే" అనుకోకూడదు. ఢిల్లీ మైదానమే. ఎత్తుకు అలవాటు పడడం ఎత్తుకు వెళ్ళాకే మొదలవుతుంది. 2025 జూన్ 6 నుంచి కత్రా నుంచి శ్రీనగర్‌కు నేరుగా రైలు నడుస్తోంది గనుక తీరిక వున్నవాళ్ళు ఆ దారిన వెళ్తే శ్రీనగర్‌లో ఒక రాత్రి ఎలాగూ గడుస్తుంది. 3,000 మీటర్ల పైన పడకలు వేసుకునే పని వుంటే రోజుకు 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచకూడదన్నది సూత్రం.

ముందుగా వాడే మాత్ర ఒకటి వుంది, ఎసిటజోలమైడ్. పైకి వెళ్ళడానికి ముందురోజు నుంచి పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు వాడడం మామూలు. స్నేహితుడు వాడాడని మీరు మందుల షాపులో కొనుక్కుని మింగకండి. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరుతో ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ మాత్ర మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళు వాడకూడనిది. ఇక్కడే మన ప్రాంతం సంగతికి వస్తున్నాం.

ఉద్దానంవాళ్ళు, మన్యంవాళ్ళు

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కంటికి చల్లగా వుండే ఈ ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు ఆ వూళ్ళకు మంచినీటి పథకమూ మొదలయింది.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఇది చప్పుడు చెయ్యదు. నొప్పి వుండదు. మొదట్లో వాపు వుండదు. మామూలుగా మూత్రపిండాలను పాడుచేసే షుగరుగాని రక్తపుపోటుగాని చాలామందిలో కనిపించదు. సగానికి పైగా పని ఆగిపోయాక గాని మనిషికి తెలియదు. ఇప్పుడు ఒక కుర్రాణ్ణి వూహించుకోండి. ముప్పై రెండేళ్ళు. కవిటి దగ్గర పుట్టి పెరిగాడు, చదువయ్యాక బెంగుళూరు వెళ్ళాడు. చూడడానికి దుక్కలా వున్నాడు. గుల్మార్గ్‌లో మొదటి రాత్రి తలనొప్పి, మర్నాడు పదిసార్లు కిందపడ్డ ఒళ్ళునొప్పులు. జేబులో ఐబుప్రొఫెనో డైక్లోఫెనాకో వుంటుంది, పూటకొకటి చొప్పున నాలుగు రోజులు మింగుతాడు. చలిలో దాహం వెయ్యదు గనుక నీళ్ళూ తాగడు. ఎత్తు జబ్బు రాకుండా స్నేహితులు ఇచ్చిన మాత్ర సరేసరి, అది మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తుంది. ఒళ్ళు ఎండిపోయినప్పుడు ఈ నొప్పి మాత్రలు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా వున్నవాడు దాన్ని తట్టుకుంటాడు. అప్పటికే సగం పోయినవాడు తట్టుకోలేడు. ఆ కుర్రాడు తిరిగి వచ్చాక కాళ్ళవాపుతో డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి, ఇంకా కొన్నేళ్ళు నెట్టుకురాగలిగిన మూత్రపిండాలు చేజారిపోయి వుండవచ్చు.

తప్పించుకునే మార్గం చాలా చవక. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ప్రోటీను పరీక్ష. ఉద్దానంలో పుట్టినవాళ్ళు, పెరిగినవాళ్ళు, అక్కడ ఎన్నేళ్ళో వుండి వేరే వూరు వెళ్ళిపోయినవాళ్ళు, కోటు కొనడానికి ముందే ఈ రెండు పరీక్షలు చేయించుకోండి. తేడా వస్తే ప్రయాణం మానుకోవాలని కాదు. ఎంత తేడా వుందో చూసి మూత్రపిండాల డాక్టరు చెబుతారు. తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్ వద్దు, పారసిటమాల్ చాలు. ఈ ఒక్క సలహాను మాత్రం, పరీక్షలో ఏమీ తేలకపోయినా సరే, ఉద్దానంవాళ్ళంతా పాటించడం నయం.

రెండో సంగతి మన్యం వైపుది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సవర, జాతాపు కుటుంబాల్లో కొడవలికణ జబ్బు, అదే సికిల్ సెల్, కనిపిస్తుంది. వాళ్ళకే పరిమితమనీ అనుకోకూడదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లక్షణం వచ్చినవాళ్ళకు చిన్నప్పటి నుంచే బాధ తెలుస్తుంది. అటువంటివాళ్ళు తమ డాక్టరు ఒప్పుకుంటే తప్ప ఇంత ఎత్తుకు వెళ్ళకూడదు. ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళు జీవితమంతా ఏ బాధా లేకుండా గడిపేస్తారు. తమలో అది వుందనే తెలియదు. కాని ప్రాణవాయువు తక్కువైన చోట, నీళ్ళు తాగక, ఒళ్ళలిసేట్టు ఆడినప్పుడు వాళ్ళ రక్తకణాలు కూడా కొడవలి రూపం దాల్చి, ప్లీహానికి వెళ్ళే రక్తాన్ని అడ్డగించవచ్చు. ఎడమవైపు పక్కటెముకల కింద పోటుతో కూడిన నొప్పి దానికి గుర్తు. మంచుమీద పడ్డందువల్ల అనుకుని తైలం రాసి వూరుకోకండి. కిందికి దిగి ఆస్పత్రికి వెళ్ళండి. 2023 జులై 1న దేశమంతటా సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైన తర్వాత గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు మీ దగ్గర వుంటే ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించండి. లేకపోతే ఒక్క చుక్క రక్తంతో అయ్యే పరీక్ష అది.

పనిలో పనిగా హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళు. ప్రాణవాయువును మోసేదే అది. మోసే బళ్ళు తక్కువై, మోయవలసిన సరుకూ తక్కువైతే ఒళ్ళు ఏం చేస్తుంది?

ఫైలేరియాతో ఒక కాలు వాచినవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా వున్నారు. బిగుతైన స్నోబోర్డు బూటులో ఆ కాలు పెట్టి రోజంతా ఆడితే చర్మం పగిలి చీము పట్టే ప్రమాదం వుంది. వాళ్ళు మంచు చూసి ఆనందించడంతో సరిపెట్టుకోవడం మేలు.

అమ్మానాన్నలను తీసుకువెళ్తుంటే

గుండెపోటు వచ్చి కొద్ది నెలలే అయినవాళ్ళు, కొద్దిపాటి నడకకే ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు, రక్తపుపోటు అదుపులో లేనివాళ్ళు, ఉబ్బసం ఈమధ్యనే తిరగబెట్టినవాళ్ళు, గర్భిణులు ఈ ప్రయాణం వాయిదా వేసుకోవాలి. అదుపులో వున్నవాళ్ళు వెళ్ళవచ్చు, తీగబండి మొదటి దశ దగ్గరే ఆగిపోవచ్చు. మందులు పెట్టెలో పెట్టి హోటలులో వదిలెయ్యకుండా దగ్గర పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని చొక్కా లోపలి జేబులో, ఒంటికి తగిలేట్టు వుంచుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచెయ్యదు, పారెయ్యడమే. షుగరు చూసుకునే చిన్న యంత్రం కూడా చలికి తప్పు లెక్క చూపిస్తుంది, గదిలో వెచ్చబడ్డాకే వాడండి. వేలికి తగిలించుకుని ప్రాణవాయువు చూసుకునే యంత్రం కొవిడ్ రోజుల్లో కొన్నది చాలా ఇళ్ళలో వుంది. గుల్మార్గ్‌లో అది 92, 93 చూపించినంత మాత్రాన హడలిపోకండి, ఆ ఎత్తుకు అది మామూలే. అంకెకంటే మనిషిని చూడండి.

అమెరికాలో వున్న పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకూ ఈ మాటే వర్తిస్తుంది. అబ్బాయి సెలవులకు కొలరాడో తీసుకువెళ్తే అక్కడి బ్రెకెన్‌రిడ్జ్ వూరే 2,900 మీటర్ల ఎత్తున వుంది, దాని పై మెట్టు 3,900. గుల్మార్గ్‌తో సమానమే. కెనడాలోని విస్లర్ చాలా పెద్ద మంచుక్రీడల కేంద్రం, కాని దాని కింది వూరు 675 మీటర్లే, పై మెట్టు 2,300 లోపు. అక్కడ ఎత్తు జబ్బు బాధ అంతగా వుండదు. కనుక పేరును చూసి భయపడడమూ వద్దు, ధీమాపడడమూ వద్దు. "రాత్రి పడుకునే చోటు ఎన్ని మీటర్లు?" అన్న ఒక్క ప్రశ్న అడగండి. వైద్య బీమా కాగితంలో ఇటువంటి ఆటల్లో తగిలే దెబ్బలకు డబ్బు ఇస్తారో లేదో కూడా చదివించుకోండి, చాలా పాలసీల్లో ఇవ్వరు.

చలి, బట్టలు, కుంపటి

మన సంక్రాంతి రోజులు కాశ్మీరంలో చిల్లై కలాన్ రోజులు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులపాటు వుండే గడ్డుచలిని వాళ్ళు అలా అంటారు. ఫిబ్రవరిలో చలి కాస్త వెనక్కు తగ్గుతుంది, మంచు మాత్రం వుంటుంది. 2024 జనవరిలో వెళ్ళినవాళ్ళకైతే గుల్మార్గ్‌లో మంచే సరిగ్గా దొరకలేదు. వీలుంటే ఫిబ్రవరి చూసుకోమని నా సలహా.

పొందూరు ఖద్దరు ఎంత గొప్పదైనా మంచులో పనికిరాదు. నూలుబట్ట చెమటను పీల్చుకుని తడిగా వుండిపోతుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపలి బనీను దగ్గర నుంచి మేజోళ్ళ దాకా వున్నిగాని, తొందరగా ఆరిపోయే సింథటిక్‌గాని వాడాలి. ఒక్క బండ కోటు కంటే మూడు పలచటి పొరలు మేలు. రెండేసి జతల మేజోళ్ళు తొడిగి బూటులో కాలు ఇరికిస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి.

వేలి చివర, ముక్కు, చెవి మొదట నొప్పిపుట్టి, తర్వాత మొద్దుబారి, తెల్లబడితే మంచు కొరికిందని గ్రహించాలి. మొద్దుబారడం తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. గదిలోకి వచ్చి 37 నుంచి 39 డిగ్రీల వెచ్చటి నీళ్ళలో, అంటే మోచేయి పెట్టి చూస్తే హాయిగా తగిలే నీళ్ళలో, అరగంట వుంచండి. రుద్దకండి. మంటకు చూపించకండి, స్పర్శ లేని వేలు కాలిపోయినా మీకు తెలియదు. బ్రాందీ తాగితే వెచ్చగా వుంటుందన్న మాట కూడా నమ్మకండి. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపించేస్తుంది. వెచ్చగా అనిపించేది పోయే వేడే! పైగా ఎత్తుమీద నిద్రలో వూపిరిని మందగింపజేస్తుంది. నిద్రమాత్రలదీ అదే దారి.

ఇంకో ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. కాశ్మీరంలో బొగ్గులు వేసిన కాంగ్డీ అనే కుంపటిని ఒళ్ళో పెట్టుకుంటారు. హోటళ్ళలో గ్యాసు హీటర్లు, కట్టెల పొయ్యిలు వుంటాయి. చలికి భయపడి కిటికీలన్నీ బిగించి ఇవి వెలిగించుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలో నిండుతుంది. దానికి వాసన వుండదు, రంగు వుండదు. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు. సరిగ్గా ఎత్తు జబ్బు లక్షణాలే! తేడా ఎలా తెలుస్తుంది? గదిలో వున్నవాళ్ళందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే, బయట గాలిలోకి రాగానే తేలికపడితే, హీటరును అనుమానించండి. పడుకునే ముందు ఆర్పెయ్యండి. కిటికీ రెక్క ఒకటి వేలెడు తెరిచి వుంచండి. దుప్పటి ఇంకొకటి అడిగి తీసుకోండి.

కళ్ళ సంగతి. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు పదోవంతు పైగా పెరుగుతాయి. కొత్తగా కురిసిన మంచు వాటిలో నూటికి 80 వంతుల దాకా తిరగగొడుతుంది. అద్దాలు లేకుండా ఆడితే అప్పటికి ఏమీ అనిపించదు. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు, వెలుతురు చూడలేకపోవడం. వెల్డింగ్ పనివాళ్ళను అడిగితే తెలుస్తుంది ఆ బాధ. ఆ కిరణాలను ఆపే అద్దాలు కొనండి. రోడ్డుపక్క అమ్మే వుత్త నల్లద్దాలు మరీ ప్రమాదం, కంటిపాప పెద్దదై కిరణాలు ఇంకా లోపలికి పోతాయి. మబ్బుపట్టిన రోజునా పెట్టుకోవాలి.

తిండి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పలాస జీడిపప్పు, బెల్లం వుండలు జేబులో వేసుకువెళ్ళండి, ఆట మధ్యలో అక్కరకొస్తాయి. రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు, గోరువెచ్చగా. దాహం వేసేదాకా ఆగకండి, ఆ పొడిగాలిలో వూపిరితోనే బోలెడు నీరు పోతుంది.

పడడం ముందు నేర్చుకోండి

స్నోబోర్డు మీద మొదటిరోజు అందరూ పడతారు. దెబ్బలు ఎక్కువగా తగిలేదీ కొత్తవాళ్ళకే. స్కీ వాళ్ళకు మోకాళ్ళు దెబ్బతింటే, స్నోబోర్డు వాళ్ళకు మణికట్లు విరుగుతాయి. రెండు కాళ్ళూ పలకకు కట్టేసి వుంటాయి గనుక పడేటప్పుడు అడుగు వేసి ఆపుకోవడానికి వుండదు, చేతులు ముందుకు చాపుతాం. బరువంతా అరచేతి మీద పడుతుంది. అందుచేత గుప్పిళ్ళు బిగించి, మోచేతులు మడిచి, ముందుకైతే మోకాళ్ళ మీద, ముంజేతుల మీద పడండి. వెనక్కయితే పిర్రల మీద పడి, గెడ్డం ఛాతీకి ఆనించండి, తల నేలకు కొట్టుకోదు. మణికట్టుకు కట్టుకునే రక్షణ పట్టీలు, తలకు హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ అద్దెకు దొరుకుతుంది. మణికట్టు పట్టీలు మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్ళండి. స్నేహితుడి దగ్గర కాకుండా శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. గుల్మార్గ్‌లోనూ మనాలీలోనూ ప్రభుత్వ పర్వతారోహణ, స్కీయింగ్ సంస్థలు వున్నాయి.

ఒంటిని ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు నుంచే తయారుచేసుకోవాలి. దీనికి జిమ్ అక్కరలేదు. బళ్ళో మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? వీపు గోడకు ఆనించి, తొడలు నేలకు సమంగా వుంచి కూర్చోవడం. స్నోబోర్డు మీద నిలబడడానికి కావలసిన కండరాలు అచ్చంగా అవే. అర నిమిషంతో మొదలుపెట్టి రెండు నిమిషాల దాకా పెంచండి. గుంజీళ్ళు తియ్యండి, వినాయక చవితి నాడే తియ్యాలని ఎక్కడా లేదు. ఆమదాలవలస దగ్గర వూసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచుపతకం ఎత్తుకొచ్చింది తొడల బలంతోనే గదా! వారానికి రెండుసార్లు శాలిహుండం కొండో, రామతీర్థం మెట్లో ఎక్కి దిగండి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు మంచి తర్ఫీదు. సముద్రపు ఒడ్డు దగ్గరుంటే ఇసుకలో వట్టికాళ్ళతో నడవండి, చీలమండలు గట్టిపడతాయి.

గుర్తులు పెట్టిన, సిబ్బంది కాపలా వున్న వాలులు దాటి పోకండి. అఫర్వత్ వెనకవైపు కొత్త మంచు అందంగా కనిపిస్తుంది, అక్కడే మంచుచరియలు విరిగిపడతాయి. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్ దగ్గర చరియ పడి 17 మంది సైనికులు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న పోలెండు నుంచి వచ్చిన ఇద్దరు స్కీ ఆటగాళ్ళు అఫర్వత్ పైనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు మనకంటే అలవాటున్నవాళ్ళే. చాలావరకు దెబ్బలు మధ్యాహ్నం పొద్దు వాలాక, "ఇంకొక్కసారి" అన్నప్పుడు తగులుతాయని శిక్షకులు చెబుతారు. కాళ్ళు వణుకుతున్నాయంటే ఆ రోజుకు చాలు.

తిరిగి వచ్చాక ఒక్క సంగతి గమనించుకోండి. స్నోబోర్డు ఆడేవాళ్ళకు చీలమండ బయటివైపు చిన్న ఎముక ఒకటి చిట్లుతుంటుంది. మామూలు బెణుకులాగే వుంటుంది, మామూలు ఎక్స్‌రేలో తరచు కనిపించదు. పసుపు పట్టు వేసి, కట్టు కట్టి, నడుస్తూ తిరుగుతారు. రెండు వారాలు దాటినా ఆ వైపు నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళి, "మంచుమీద పలక ఆట ఆడి వచ్చాను" అని నోరు విప్పి చెప్పండి. మన వూళ్ళో డాక్టరుకు ఆ మాట తట్టే అవకాశం తక్కువ. చెబితే సి.టి. స్కాన్ తీయిస్తారు.